ఇటుకలత్త కీమా పఫ్‌లు

మంచిపేరు తెచ్చుకోవాలంటే జీవితమంతా పడుతుంది. చెడ్డపేరుకి ఒక్క సాయంత్రం చాలు. ఈ కథలో ఆవిడకి ఆ సాయంత్రం పెళ్ళైన నాలుగో నెలలోనే వచ్చింది.

కొత్త కోడలు, చేతినిండా ఉత్సాహం. అత్తగారింట్లో అందరి చేతా ఔరా అనిపించాలని ఏదో పత్రికలో చూసి కీమా పఫ్‌లు మొదలుపెట్టింది. మైదాలో వెన్న కుమ్మరించి, రెండూ ఏకమయ్యేదాకా పిసికింది. పొయ్యి మీంచి దించిన కీమాని పొగలు కక్కుతుండగానే అందులో పెట్టి మడిచింది. ఓవెన్‌లోంచి బయటికొచ్చిన వాటిని చూసి మర్యాదస్తులు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. అత్తగారు ఒకటి కొరికి, దవడ పట్టుకుని కాసేపు కూర్చుని, "ఆకలిగా లేదమ్మా" అంది. అసలు దెబ్బ కొట్టినవాడు ఆడపడుచు కొడుకు. వాడికప్పుడు ఐదేళ్ళు. ఆరు పఫ్‌లు తీసుకెళ్ళి ఒకదాని మీద ఒకటి పేర్చి, తన బొమ్మ కారుకి షెడ్డు కట్టుకుని, "ఇటుకలత్త ఇటుకలు!" అని కేక పెట్టాడు. ఆ షెడ్డు మూడు రోజులు చెక్కుచెదరలేదు.

పేరు కూడా చెక్కుచెదరలేదు. ఇరవై ఆరేళ్ళు గడిచాయి. వాడికి ఉద్యోగమొచ్చింది, పొట్టొచ్చింది, నెత్తిన జుట్టు వెనక్కి వెళ్ళింది, కానీ ఆవిడ మాత్రం ఇటుకలత్తే. తర్వాత పుట్టిన పిల్లలకైతే ఆ పేరు ఎందుకొచ్చిందో కూడా తెలీదు, నమ్మకంగా అలాగే పిలుస్తారు.

పేరుతో పాటు పని కూడా స్థిరపడిపోయింది. ఇంట్లో నలుగురు చేరితే వంటిల్లు వదినది. వదినంటే ఆ ఆడపడుచే, భర్తకి అక్క, పై అంతస్తులోనే ఉంటుంది. చెడ్డమనిషని ఎవరూ అనలేరు. ఒంట్లో బాగోకపోతే రాత్రంతా పక్కన కూర్చునే రకం. కానీ గరిటె చేతిలోకొస్తే మాత్రం ఆవిడ మాటకి ఎదురులేదు. ఇటుకలత్తకి ఉల్లిపాయలు తరిగే పని ఇచ్చి, "మా మరదలంత సన్నగా తరిగేవాళ్ళు ఊళ్ళోనే లేరు" అని పదిమందిలో పొగిడేది కూడా. పొగడ్తల్లో అదొక జాతి. మింగలేం, కక్కలేం.

కూతురు బడికి వెళ్ళడం మొదలుపెట్టాక ఇటుకలత్త వీధి చివర బేకరీలో పనికి కుదిరింది. అట్టడబ్బాలు మడతపెట్టడం, వాటిలో సరుకు సర్దడం, దారం కట్టడం. ఆవిడ కూర్చునే బల్ల ముందు ఒక కిటికీ, కిటికీకి అవతల పాలరాతి బల్ల, దాని వెనక ముసలి మాస్టరు. ఆయన పొరల పిండి ఒత్తుతుంటే ఈవిడ డబ్బాలు మడతపెడుతూ చూసేది. ఎన్నేళ్ళు చూసింది? ఎనిమిదేళ్ళు. తనెక్కడ తప్పు చేసిందో మొదటి వారంలోనే తెలిసిపోయింది. మిగతా ఏళ్ళన్నీ కడుపుమంటతో చూసింది.

తొమ్మిదో ఏడు మాస్టరు మణికట్టు పట్టేసింది. పిండి ఒత్తే కర్ర తొయ్యడానికి ఇంకో జత చేతులు కావాల్సొచ్చాయి. "నువ్వు రోజూ కిటికీలోంచి నా చేతుల్ని మింగేసేలా చూస్తావుగా, రా, ఇవాళ పట్టుకో" అన్నాడు. ఆయనకి నోరు మంచిది కాదు, చెయ్యి మంచిది.

"వెన్నని పిండిలో కలిపేస్తే ఎలా తల్లీ? రెండూ ఒకే ఇంట్లో తోడికోడళ్ళలా ఉండాలి. పక్కపక్కనే ఉండాలి, కలిసిపోకూడదు" అనేవాడు. పిండిని పలకలా ఒత్తి, మధ్యలో చల్లటి వెన్న పలక పెట్టి, కవరులా మూసి, పొడుగ్గా సాగదీసి మూడుగా మడవాలి. చల్లబెట్టాలి. మళ్ళీ సాగదీసి మళ్ళీ మడవాలి. అలా ఆరుసార్లు. తక్కువైతే వెన్న కారిపోయి ట్రేలో పఫ్ ఈదులాడుతుంది. ఎక్కువైతే పొరలు ఒకదాన్నొకటి కరుచుకుని ముద్దవుతుంది. అందుకని ప్రతి మడతకీ పిండి మూల మీద వేలితో ఒక గుంట నొక్కాలి. నాలుగు మడతలైతే నాలుగు గుంటలు. "బుర్ర మరిచిపోతుంది, పిండి మరిచిపోదు" అనేవాడు మాస్టరు.

మూడేళ్ళు ఆయన పక్కన నిలబడింది. ఆదివారాలు ఇంట్లో పదో, పన్నెండో చేసి చూసుకునేది. పాడైనవన్నీ భర్త తిన్నాడు, బాగున్నవి కూడా ఆయనే తిన్నాడు, రెండిటికీ ఒకే మొహం పెట్టాడు. ఆఖరికి మాస్టరు పని మానేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. యజమాని తయారు పిండి తెప్పించుకోవడం మొదలుపెట్టాడు. ఇటుకలత్త మళ్ళీ డబ్బాల దగ్గరికి వచ్చేసింది. చేతిలో విద్య ఉంది, చూపించే చోటు లేదు.

అప్పుడు అత్తగారి ఎనభయ్యో పుట్టినరోజు వచ్చింది.

అందరూ ముందుగదిలో కూర్చుని ఎవరేం చెయ్యాలో పంచుకుంటున్నారు. వదిన చేతిలో కాగితం. ఇటుకలత్త గొంతు సవరించుకుని, "కీమా పఫ్‌లు నేను చేస్తాను. నూట ఇరవై" అంది.



"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట" అంది వదిన, కాగితంలోంచి తలెత్తకుండానే.

"అత్తా, ఇప్పుడు మాకు గోడలు కట్టే పనేం లేదు" అన్నాడు మేనల్లుడు. అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది. అలవాటైపోయిన నవ్వు. కానీ ఈసారి కుదరకపోతే కాటికెళ్ళేదాకా ఇటుకలత్తే, ఇంకెవరూ తన చేతికి గరిటె ఇవ్వరు, మళ్ళీ అడిగే ధైర్యం తనకీ ఉండదు. ఆ సంగతి ఆవిడకి స్పష్టంగా తెలుసు.

అత్తగారు కుర్చీలోంచి, "చెయ్యనివ్వండే. ఎనభై ఏళ్ళొచ్చాయి, ఇంకా నాకు దేనికి భయం?" అంది. అది ఆశీర్వాదమో ఎత్తిపొడుపో ఎవరికీ అర్థం కాలేదు గానీ, మాట ఖాయమైంది.

"సరే. ఎందుకైనా మంచిది, నేను రెండు పెద్ద డబ్బాల పఫ్‌లు షాపులో చెప్పి ఉంచుతాను" అంది వదిన. కాగితం మీద రాసుకుంది కూడా. ఆ రాసుకోవడమే ఇటుకలత్తకి ముల్లులా గుచ్చుకుంది.

ముందురోజే కీమా వండింది. మిరియాలు, అల్లం, ఉల్లిపాయలు వేసి, నీటిచుక్క లేకుండా పొడిపొడిగా వేయించి, వెడల్పాటి పళ్ళెంలో పరిచి ఫ్రిజ్‌లో పెట్టింది. వేడి కీమా జోలికి ఇంక జన్మలో పోదు. పొద్దున్నే లేచి మూడు పలకలకి పిండి కలిపింది, పలకకి నలభై పఫ్‌లు. వంటింటి బల్ల చిన్నది కాబట్టి మూడూ ఒకేసారి కుదరదు. ఒకటి ఒత్తుతుంటే రెండు ఫ్రిజ్‌లో చల్లబడాలి. అలా వరసగా తిప్పుతూ పదిగంటలకల్లా మొదటి పలకకి ఐదు మడతలు, రెండోదానికి నాలుగు, మూడోదానికి రెండు పూర్తిచేసింది. ఐదు గుంటలు, నాలుగు గుంటలు, రెండు గుంటలు. మూడింటినీ మైనపు కాగితంలో చుట్టి లోపల పెట్టి, పెద్ద ట్రేల కోసం పై అంతస్తుకి వెళ్ళింది.

ఇక్కడ ఆవిడ భర్త గురించి చెప్పాలి. ఆయనది ఇస్త్రీ కొట్టు. ముప్పై ఏళ్ళుగా ముడతలతో యుద్ధం చేస్తున్న మనిషి. సినిమా చూస్తూ కూడా ముందు వరసలో వాడి కాలరు సరిగ్గా లేదని బాధపడతాడు. మంచినీళ్ళ కోసం ఫ్రిజ్ తీశాడు. కాగితం అంచు తెరుచుకుని ఉంది. అందులోంచి పిండి మూల కనిపించింది, దాని మీద గుంటలు.

ఇటుకలత్త ట్రేలతో దిగి వచ్చేసరికి ఆయన వంటింట్లో చేతులు దులుపుకుంటున్నాడు. మొహం వెలిగిపోతోంది.

"ఇదిగో, నీ పిండి మీద ఎవరో వేళ్ళు పెట్టినట్టున్నారోయ్. మూడింటి మీదా గుంటలే. వచ్చినవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు? కర్రతో అలా అలా సాపు చేసి పెట్టాను. ఒక్క గీత ఉందేమో చూడు."

ఆవిడ ఫ్రిజ్ తెరిచి చూసింది. మూడు పలకలు, కొత్త దుప్పట్లలా నున్నగా, ఒకదాని మీద ఒకటి.

"ఏవండీ... ఏది పైన ఉండేది? ఏది కింద ఉండేది?"

"అన్నీ ఒకేలా ఉన్నాయిగా, ఏదైతే ఏం?"

ఆవిడ పీట లాక్కుని కూర్చుండిపోయింది. ఆయన్ని తిట్టాలని నోటిదాకా వచ్చింది. కానీ పాలు తాగిన పిల్లిని తిట్టి ఏం లాభం? ఆయన కళ్ళకి అది సాయమే. విషయం చెప్పేసరికి ఆయన మొహం మాడిపోయింది. "అయ్యో, లెక్కలా అవి!" అని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

మూడు పలకల్లో ఒకదాన్ని గుర్తుపట్టడం తేలికే. రెండు మడతలది ఇంకా చారలు చారలుగా ఉంది, వెన్న కంటికి కనిపిస్తోంది. చిక్కంతా మిగతా రెండింటితోనే. నాలుగు మడతలది, ఐదు మడతలది కవలపిల్లల్లా ఉన్నాయి. పొరపడితే ఒకటి ఐదు దగ్గర ఆగిపోతుంది, ఇంకొకటి ఏడుకెళుతుంది. ఒక ట్రేలో వెన్న కాలువలు, ఇంకో ట్రేలో ముద్దలు. ఎనభై పఫ్‌లు పోతాయి. మళ్ళీ మొదలుపెట్టడానికి వేళ లేదు, చుట్టాలు ఐదింటికి వస్తారు.

సరిగ్గా అప్పుడే వదిన రెండు షాపు డబ్బాలతో దిగి వచ్చింది. నీలం రిబ్బన్లు కట్టిన డబ్బాలు. మరదలి మొహం చూసింది, తమ్ముడి మొహం చూసింది, ఏదో తేడా కొట్టిందని గ్రహించింది. డబ్బాలు ఫ్రిజ్ మీద పెట్టి, మరదలి భుజం మీద చెయ్యి వేసింది.

"పోనీలేవే. ఇప్పుడేం మునిగిపోలేదు. మేమున్నాంగా" అంది, ఎంతో మెత్తగా.

వెక్కిరించినా ఆవిడకి అంత బాధ కలిగేది కాదు. ఆ మెత్తదనానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వెంటనే ఒళ్ళు మండింది. "మీరు పైకెళ్ళండి వదినా. ఐదింటికి రండి" అంది. వదినతో ఆవిడ అలా మాట్లాడటం అదే మొదటిసారి. వదిన కాస్త తెల్లబోయి వెళ్ళిపోయింది.

ఇటుకలత్త రెండు పలకల్నీ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. కళ్ళు మూసుకుని ఒక్కోదాని మీద అరచెయ్యి పెట్టి మెల్లగా నొక్కింది. ఎడమవైపుది చేతికి లొంగింది. కుడివైపుది లొంగినట్టే లొంగి, మెల్లగా చేతిని వెనక్కి తోసింది. ఎక్కువసార్లు మడత పడ్డ పిండికి పొగరు ఎక్కువ. కుడివైపుదే ఐదు. చెయ్యి చెప్పేసింది.

కానీ ఆ చేతిని ఆవిడ నమ్మలేదు. ఇరవై ఆరేళ్ళుగా ఇల్లంతా కలిసి నమ్మొద్దన్న చెయ్యి అది, ఒక్కసారిగా ఎలా నమ్ముతుంది? కత్తి తీసుకుని ఒక్కో పలక అంచు నుంచి వేలెడు ముక్క కోసింది. రెండిటినీ చిన్న పళ్ళెంలో దూరదూరంగా పెట్టి, కాగిన ఓవెన్‌లోకి తోసింది.

మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఓవెన్ అద్దం ముందు గొంతుక్కూర్చున్నారు. ఆయన రెండుసార్లు తలుపు తియ్యబోయాడు, ఆవిడ రెండుసార్లు చేతి మీద కొట్టింది.

"లేస్తోందోయ్!" అన్నాడాయన.

లేచాయి. ఎడమవైపు ముక్క విప్పి పారేసిన పేపర్లా వంకరగా తెరుచుకుంది. దాని కింద వెన్న బుడగలు. కుడివైపుది తిన్నగా, పొర మీద పొరగా, చక్కగా దించిన కుచ్చిళ్ళలా లేచి బంగారు రంగు తిరిగింది. ఆవిడ పళ్ళెం బయటికి తీసి చాలాసేపు చూసింది. చెయ్యి ముందే సరిగ్గా చెప్పింది! ఈ చెయ్యి తనదే! సంతోషం తట్టుకోలేక భర్త వీపు మీద ఒక్క చరుపు చరిచింది. ఆయన కిందపడబోయి నిలదొక్కుకుని, కుడివైపు ముక్క నోట్లో వేసుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆ మొహంలో మొదటిసారి తేడా కనిపించింది.

అక్కణ్ణుంచి ఆవిడని ఎవరూ ఆపలేకపోయారు. కుడిదానికి ఒకటి, ఎడమదానికి రెండు మడతలు. చారలదానికి నాలుగు, మధ్యలో చల్లబెడుతూ. ఈసారి గుంటలు పెట్టలేదు, అరచేత్తో నొక్కి చూసుకుంది. రెండు పలకల్ని పలచగా ఒత్తి, కత్తిని లాగకుండా నిలువుగా దించి చతురస్రాలు కోసింది. చెంచాడు చల్లటి కీమా, ఒక మడత. పైన మాత్రమే గుడ్డు సొన పూసింది. అంచుకి తగిలిందా, పొరలు అతుక్కుని కదలవు. మొదటి ట్రే లోపలికెళ్ళిన పావుగంటకి వాసన మెట్లెక్కి పై అంతస్తుకి వెళ్ళింది. పైనుంచి తలుపు తెరుచుకున్న చప్పుడైంది గానీ ఎవరూ కిందికి రాలేదు.

ఐదున్నరకి ఇల్లు నిండిపోయింది. అద్దె కుర్చీలు చాలక పిల్లలు కిటికీ గట్టు మీద కూర్చున్నారు. ఇటుకలత్త మొదటి పళ్ళెం తెచ్చి అత్తగారి ముందు పెట్టింది.  మేనల్లుడు ఏదో అనబోయాడు, పఫ్ వంక చూసి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

అత్తగారు ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, జాగ్రత్తగా కొరికింది. కరకరమన్న చప్పుడు గదంతా వినిపించింది. పొరలు పొడిపొడిగా ఒళ్ళో రాలాయి. ఆవిడ కళ్ళు మూసుకుని నమిలింది, నిదానంగా, ఎవరికీ భయపడే పని లేని మనిషిలా. 

"ఎవరు చేశారివి?" అంది అత్తగారు.

"మీ కోడలే అమ్మా" అన్నాడు భర్త.

"అబద్ధం."

"నిజమేనమ్మా, నా కళ్ళముందే..."

"అబద్ధమే. అయినా బాగుంది, ఇంకోటి పెట్టు."

గది పగిలిపోయేలా నవ్వారు. ఈసారి ఇటుకలత్త నవ్వు అలవాటు నవ్వు కాదు, కడుపులోంచి వచ్చింది. ఒళ్ళో రాలిన పొరల్ని అత్తగారు వేలికద్దుకుని తింటుంటే ఆవిడకి నవ్వుతో పాటు కన్నీళ్ళూ వచ్చాయి, తుడుచుకోలేదు కూడా. ఆ తర్వాత పళ్ళేలు ఎటెళ్ళాయో ఎలా ఖాళీ అయ్యాయో చెప్పడం కష్టం. మేనల్లుడు తొమ్మిది తిన్నాడు. తొమ్మిదోది నములుతూ, "అత్తా, చిన్నప్పుడు ఏదో తెలీక అన్నాను" అన్నాడు. "ముందు మింగి మాట్లాడరా, పొరపోతుంది" అందావిడ. పక్కింటాయన ఎవరో ఏ షాపులో తెచ్చారని అడిగితే అత్తగారే కోపంగా, "షాపేంటి? మా కోడలు చేసింది" అని కసిరింది. నీలం రిబ్బన్ల డబ్బాల వైపు ఎవరూ చెయ్యి చాపలేదు. అరగంటలో ఎనభై అయిపోయాయి, "ఇంకా లేవా?" అనే కేకలు మొదలయ్యాయి.

ఇటుకలత్త వంటింట్లోకి పరిగెత్తి మూడో పలక బయటికి తీసింది. ఒత్తాలి, కొయ్యాలి, నింపాలి, ఓవెన్‌కి పెట్టాలి. కర్ర చేతిలోకి తీసుకునేసరికి గుమ్మంలో ఎవరో నిలబడినట్టనిపించింది. వదిన. పెదవి మీద ఒక పొర అంటుకుని ఉంది, ఆవిడకి తెలీదు.

"ఎన్ని తిన్నానో లెక్కపెట్టుకోలేదు" అంది వదిన. కాసేపు పలక వంక చూసింది. తర్వాత, ఆ వంటింట్లో ఆవిడ నోట ఎవరూ విననిమాట అడిగింది. "నేనేం చెయ్యనే?"

ఇటుకలత్త తలెత్తి చూసింది. అనాలంటే చాలా అనొచ్చు. ఇరవై ఆరేళ్ళ మాటలు నాలుక చివర వరసలో నిలబడి ఉన్నాయి. కానీ బయట నలభై నోళ్ళు ఎదురుచూస్తున్నాయి, పిండి వెచ్చబడుతోంది, అంతకన్నా ముఖ్యంగా ఆవిడ మనసు నిండిపోయి ఉంది, అందులో పాతవాటికి చోటు లేదు.

"చేతులు కడుక్కోండి వదినా. చల్లనీళ్ళతో. ఆ ఉంగరాలు కూడా తీసెయ్యండి, పొరలు చిరుగుతాయి."

వదిన ఒక్కో ఉంగరమే తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. చేతులు కడుక్కుని, తుడుచుకుని వచ్చి నిలబడింది. ఇటుకలత్త ఆవిడ చేతిలో కర్ర పెట్టి, పైనుంచి తన చేతులు వేసి ఒక్కసారి తోయించింది.

"అంత గట్టిగా వద్దు. మెల్లగా. పిండి చెప్పినట్టు మీరు వినాలి."

"సరేనమ్మా" అంది వదిన.